రెండు గిగాబైట్ల గోడ దాటాక: సర్వర్లలో పెద్ద ఫైళ్లతో నా అనుభవం

రెండు గిగాబైట్లు దాటే పెద్ద ఫైళ్లకు వీలు కల్పిస్తే సర్వర్ నెమ్మదిస్తుందా అని ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. ఇరవై ఏళ్లకు పైగా డేటాబేస్ బ్యాకప్‌లు, లాగ్‌లు మోసే యూనిక్స్, లినక్స్ సర్వర్లను చూసుకున్నాను. ఆ వీలు వల్ల వేగం తగ్గడం నేనెప్పుడూ చూడలేదు. ఫైలులోని ఏ ముక్క డిస్కు మీద ఎక్కడుందో ఫైల్ సిస్టమ్ ఎలా రాసిపెట్టుకుంటుందన్న దాన్ని బట్టే వేగం మారుతుంది.

మొదట్లో నేనూ ఆ వీలునే అనుమానించాను. ఒక రాత్రి మా బ్యాకప్ సరిగ్గా 2,147,483,647 బైట్ల దగ్గర ఆగిపోయింది. డిస్కులో చోటు బోలెడంత ఉంది. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), ఫైల్ సిస్టమ్ రెండూ అంతకంటే పెద్ద ఫైళ్లను ఒప్పుకునేవే. బ్యాకప్ ప్రోగ్రామ్ మాత్రం ఫైలులో తన స్థానాన్ని, అంటే ఆఫ్‌సెట్‌ను, 32 బిట్ల సంఖ్యతో లెక్కపెట్టుకుంటోంది; ఒక బిట్ ప్లస్, మైనస్ గుర్తుకు పోగా అందులో పట్టే అతిపెద్ద సంఖ్య అదే. 64 బిట్ల ఆఫ్‌సెట్‌తో దాన్ని మళ్లీ కంపైల్ చేశాను. బ్యాకప్‌కు పట్టే సమయంలో నాకు తేడా ఏమీ కనిపించలేదు. డిస్కు హెడ్ ఒక్కసారి కదలడానికి పట్టే కాలంతో పోలిస్తే ప్రాసెసర్ చేసే ఆ అదనపు లెక్క ఏపాటిది?

అసలు కష్టం లినక్స్ పాత ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ3 మీద మొదలైంది, అదీ రాసేటప్పుడు కాదు, చెరిపేటప్పుడు. ఈఎక్స్‌టీ3 ఫైలులోని ప్రతి 4 కిలోబైట్ల బ్లాకుకూ ఒక చిరునామా రాసుకుంటుంది. మొదటి 12 చిరునామాలు ఫైలు వివరాలుండే ఐనోడ్‌లోనే ఉంటాయి. మిగతావన్నీ విడి బ్లాకుల్లోకి వెళ్తాయి, అలాంటి ఒక్కో బ్లాకు 4 మెగాబైట్ల డేటాకు సరిపోతుంది. అంటే 100 గిగాబైట్ల ఫైలుకు దాదాపు 25,600 చిరునామా బ్లాకులు! ఫైలును చెరపాలంటే వాటన్నిటినీ డిస్కు నుంచి చదివి తీరాలి. పాత బ్యాకప్‌ను తొలగించమని ఆదేశం ఇచ్చి చూస్తుంటే నిమిషాలు గడిచేవి. అదే డిస్కు మీద పనిచేస్తున్న డేటాబేస్ ఆ కాసేపూ ఉక్కిరిబిక్కిరి అయ్యేది. చివరికి ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను: ఫైలును ఒక్క దెబ్బతో చెరపకుండా, ట్రంకేట్ ఆదేశంతో కొంచెం కొంచెంగా కురచ చేస్తూ మధ్యమధ్యలో ఆగేది. మొత్తం పనికి ఎక్కువ సమయం పట్టేది, కానీ డేటాబేస్‌కు ఊపిరి ఆడేది.

ఐబీఎం యూనిక్స్ అయిన ఏఐఎక్స్‌లోని పాత ఫైల్ సిస్టమ్ జేఎఫ్ఎస్ ఇదే చిక్కును మరో దారిలో విప్పింది. పెద్ద ఫైళ్ల కోసం సిద్ధం చేసిన డిస్కు విభాగంలో మొదటి 4 మెగాబైట్లు దాటాక 128 కిలోబైట్ల బ్లాకులు ఇస్తుంది. మామూలు విభాగంలో 132 మెగాబైట్ల ఫైలుకు 33 చిరునామా బ్లాకులు కావలసి ఉంటే, ఇక్కడ రెండు చాలు. అయితే అంత పెద్ద బ్లాకు దొరకాలంటే 32 చిన్న బ్లాకులు పక్కపక్కన ఖాళీగా ఉండాలి. చిన్న ఫైళ్లతో చెదిరిపోయిన విభాగంలో ఖాళీ ఉన్నా చోటు లేదన్న జవాబు రావచ్చు. అందుకే ఆ విభాగాల్లో చిన్న ఫైళ్లను కలపకూడదని నియమం పెట్టుకున్నాను.

2008 డిసెంబరులో లినక్స్ 2.6.28తో స్థిరపడిన, ఈఎక్స్‌టీ3 తర్వాతి తరమైన ఈఎక్స్‌టీ4 నాకు పెద్ద ఊరట. ఇది ఎక్స్‌టెంట్లు వాడుతుంది: ఇక్కడి నుంచి వరుసగా ఇన్ని బ్లాకులు అని ఒకే నమోదు. ఒక్కో నమోదు 128 మెగాబైట్ల దాకా పట్టుకోగలదు. ఫైలు వరుసగా పడితే ఆ 100 గిగాబైట్లకు 800 నమోదులు సరిపోతాయి. చెరపడం కనురెప్పపాటు పనైంది. వరుసగా పడితే అన్నది మాత్రం మరవకండి. నాలుగైదు లాగ్‌లు ఒకేసారి పెరుగుతుంటే వాటి ముక్కలు డిస్కు మీద ఒకదాని మధ్య ఒకటి పడి, నమోదులు పెరిగిపోతాయి. ఫైలు ఎన్ని ముక్కలైందో ఫైల్‌ఫ్రాగ్ ఆదేశంతో అప్పుడప్పుడు చూసుకుంటాను, తుది పరిమాణం ముందే తెలిస్తే ఫాల్‌లొకేట్ ఆదేశంతో ముందుగానే చోటు కేటాయిస్తాను.

మరో ఫైల్ సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ 1994లో ఎస్‌జీఐ కంపెనీ యూనిక్స్ అయిన ఐరిక్స్‌తో వచ్చినప్పటి నుంచీ ఎక్స్‌టెంట్ల మీదే నడుస్తోంది. భారీ ఫైళ్లకు ఇప్పటికీ నా మొదటి ఎంపిక ఇదే. పాత కెర్నళ్లలో లక్షల చిన్న ఫైళ్లను చెరిపేటప్పుడు మందకొడిగా ఉండేది. ఒకసారి పెంచిన విభాగాన్ని మళ్లీ తగ్గించుకోవడం దాదాపు కుదరదు, కాబట్టి ముందే ఆలోచించుకోవాలి.

ఈఎక్స్‌టీ3 నుంచి ఈఎక్స్‌టీ4కు మారేవాళ్లకు ఒక మాట. పాత విభాగం మీదే ఎక్స్‌టెంట్లను ఆన్ చేసి పని అయిపోయిందనుకున్నాను. పాత బ్యాకప్‌లను చెరపబోతే మళ్లీ అదే నత్తనడక. ఫైళ్ల లక్షణాలు చూపే ఎల్‌ఎస్‌అట్టర్ ఆదేశంతో చూస్తే కొత్త ఫైళ్ల పక్కన ఎక్స్‌టెంట్లకు గుర్తైన 'ఇ' అక్షరం ఉంది, పాతవాటి పక్కన లేదు. మార్పుకు ముందే రాసిన ఫైళ్లు పాత చిరునామా బ్లాకులతోనే ఉండిపోతాయి. అట్టే పెట్టుకోవలసిన ఫైళ్లను ఒక్కొక్కటిగా కొత్త పేరుతో నకలు తీసి, 'ఇ' కనిపించాకే పాతవాటిని ఆ ట్రంకేట్ స్క్రిప్టుతో నిదానంగా తొలగించాను.