తీగకు బిళ్లలా, భూగర్భ కేబులా, దారి మళ్లింపా: తేలినీలాపురం పక్షులకు ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చింతచెట్ల మీద గూళ్లు కట్టి, నౌపడ తంపరలో (చిత్తడి నేలలో) చేపలు పట్టి పిల్లలను సాకుతాయి. సౌర, పవన విద్యుత్తుకు పొగ లేకపోయినా తీగలు తప్పవు కాబట్టి, ఇటువంటి చోట పక్షులను తీగల నుంచి ఎలా కాపాడాలన్నది లైను వేయకముందే తేల్చుకోవాలి.

తీగల వల్ల పక్షులకు రెండు రకాల చావులున్నాయి. ఊళ్లకు కరెంటు తెచ్చే 11, 33 కేవీ (కిలోవోల్టుల) స్తంభాల మీద వాలిన పెలికాన్ రెక్కలు రెండు మీటర్లకు మించినవి కావడంతో ఒకేసారి రెండు తీగలకు తగిలి షాక్ కొడుతుంది. హైటెన్షన్ లైన్లలో తీగల మధ్య ఎడం ఎక్కువ గనుక అక్కడి ప్రమాదం ఢీకొనడమే. లావు తీగలను చూసి పైకి లేచిన పక్షి, పిడుగుల నుంచి లైనును కాపాడేందుకు అన్నిటికన్నా పైనుండే సన్నని ఎర్త్ వైరును గమనించక దానికి గుద్దుకుంటుంది. బరువైన దేహం కావడం వల్ల చివరి క్షణంలో పక్కకు తిరగలేదు.

పక్షికి దూరం నుంచే కనబడేలా తీగకు తగిలించే రిఫ్లెక్టర్ బిళ్లలు చవక. ఉన్న లైనుకే బిగించవచ్చు, ఢీకొనడాన్ని సగటున సగం మేర తగ్గిస్తాయి. షాకును మాత్రం ఆపలేవు. గాలికి ఊడిపోయిన బిళ్లను మళ్లీ బిగించేవారు ఉంటారా అన్నది నా అనుమానం.

భూగర్భ కేబులుతో రెండు చావులూ తప్పుతాయి గాని ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువ, ఫాల్ట్ వెతకడమూ కష్టం. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం లైన్లను భూమిలో వేయాలని 2021లో ఆదేశించిన సుప్రీంకోర్టు, సాంకేతిక ఇబ్బందుల దృష్ట్యా 2024లో దానిని సవరించింది. ఆ ఇబ్బంది ప్రధానంగా హైటెన్షన్ లైన్లది. పల్లెల్లోని 11 కేవీ లైనుకు ఆ సాకు చెల్లదు. పైగా 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు స్తంభాలు వరసలు వరసలుగా నేలకూలిన జిల్లా ఇది. వాటిని మళ్లీ నిలబెట్టిన ఖర్చునూ లెక్కలోకి తీసుకుంటే కేబులు అంత ఖరీదుగా తోచదు.

అందుచేత చెట్లకూ తంపరకూ మధ్య 11, 33 కేవీకి కేబులు, పాత హైటెన్షన్ లైన్లకు ముందుగా ఎర్త్ వైరు మీద బిళ్లలు మేలని నా అభిప్రాయం. కొత్త హైటెన్షన్ లైనుకైతే పక్షులు తిరిగే చోటికి దూరంగా దారి మళ్లింపే అన్నిటికన్నా మేలు, ఎందుకంటే కాగితం మీద గీత మార్చడం తీగ లాగాక మార్చడం కన్నా ఎంతో సులువు. అయితే ఆ దారి కోసం చేసే పక్షుల సర్వే అవి ఉన్న కాలంలోనే జరగాలి. తేలినీలాపురంలో మే నెలలో కొలిస్తే ఆకాశం ఖాళీగానే కనిపిస్తుంది; ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు వానల మొదట్లోనే దిగుతాయి కనుక అక్కడి సర్వేకు వేరే నెలలు ఎంచుకోవాలి.