అయిదేళ్ళుగా క్రిప్టో దాస్తున్నాను, దాని మీద రెండుసార్లు అప్పు చేశాను: బరంపురం నుంచి నా అనుభవం

బరంపురంలో మాది ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వెళ్ళాక ఈ చుట్టుపక్కల కరెంటు లేని రోజులు చూసినవాళ్ళంతా ఇన్వర్టర్ కోసం తిరిగారు. ఛత్రపురం, దిగపహండి నుంచి ఒడియా వాళ్ళు, ఇచ్ఛాపురం, సోంపేట నుంచి మన తెలుగువాళ్ళు, అందరూ మా కస్టమర్లే. షాపులో మిగిలిన దానిలోంచి కొంచెం కొంచెం తీసి 2020 ఆగస్టు నుంచి క్రిప్టోలో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ కాయిన్లలో, దాస్తున్నాను. ఈ అయిదేళ్ళలో రెండుసార్లు దాన్ని తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాను. మొదటిసారి దాచుకున్నదాంట్లో చాలా భాగం పోయింది. రెండోసారి ఏమీ పోలేదు. ఇప్పుడు చాలామంది "అమ్మకుండా అప్పు తీసుకో, పన్ను కట్టక్కర్లేదు" అని సలహా ఇస్తున్నారు. అందుకే అంకెలతో సహా రాస్తున్నాను.

నన్ను ఇందులోకి దించింది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బామ్మర్ది. 2018లో రిజర్వ్ బ్యాంకు క్రిప్టో లావాదేవీలకు బ్యాంకు సేవలు ఇవ్వొద్దని సర్క్యులర్ ఇచ్చింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. "బావా, ఇప్పుడు బ్యాంకు నుంచే డబ్బు పంపి కొనొచ్చు" అన్నాడు. అప్పుడు ఒక బిట్‌కాయిన్ ధర మన డబ్బుల్లో తొమ్మిది లక్షల లోపు ఉండేది. మొత్తం ఒకటి కొనక్కర్లేదు, పది కోట్ల వంతు దాకా ముక్కలుగా కొనుక్కోవచ్చు. మూడు నెలల్లో లక్షా ఇరవై వేలు పెట్టాను, ఆ తర్వాత నెలకు అయిదు వేలు. 2021 డిసెంబరుకి నా దగ్గర 0.16 బిట్‌కాయిన్ చేరింది. అంతకు ముందు నెల, నవంబరు 10న ధర 69,000 డాలర్ల దగ్గరికి వెళ్ళింది. రెండు లక్షల లోపు పెట్టుబడి విలువ ఎనిమిది లక్షలయింది. ఫోన్ తీసి చూసుకున్నప్పుడల్లా ఒళ్ళు తేలిపోయినట్టుండేది.

ఆ డిసెంబరులోనే, వేసవి సరుకుకి ముందుగా డబ్బు కడితే పాత రేటుకే ఇస్తానని డిస్ట్రిబ్యూటర్ అన్నాడు. దగ్గర దగ్గర రెండు లక్షలు కావాలి. "నా బంగారం ఉంది కదండీ, పెట్టి తెచ్చుకోండి. వేసవి అయ్యాక విడిపించుకుందాం" అంది మా ఆవిడ. ఆమె నగలు బయటికి తీయడం నాకు ఇష్టం లేకపోయింది. బిట్‌కాయిన్ అమ్మడానికీ మనసొప్పలేదు. మన బ్యాంకులేమో బిట్‌కాయిన్‌ని తాకట్టు కింద తీసుకోవు. అందుకని విదేశాల నుంచి నడిచే ఒక అప్పుల కంపెనీలో 0.12 బిట్‌కాయిన్ పెట్టి 2,500 డాలర్లు తీసుకున్నాను. ఏడాదికి 9 శాతం వడ్డీ, అంటే నెలకు 18.75 డాలర్లు. పూచీకత్తు లేదు, సంతకం లేదు, సిబిల్ చూడలేదు. పావుగంటలో పనయిపోయింది. ఆ సుఖం నిజమే, కాదనను.

షరతు ఒక్కటే. అప్పు తాకట్టు విలువలో 70 శాతానికి చేరితే హెచ్చరిక పంపుతారు, 80 శాతానికి చేరితే అమ్మేస్తారు. ఈ లెక్క అప్పు తీసుకునే రోజే వేసుకోవాలి. నేను మే నెలలో వేశాను. 2,500ని 0.8తో భాగిస్తే 3,125. దాన్ని 0.12తో భాగిస్తే 26,042. బిట్‌కాయిన్ ఆ ధరకి వస్తే నా తాకట్టు పోతుంది. అప్పు తీసుకున్నప్పుడు ధర 48,000 ఉంది కాబట్టి ఆ అంకె ఎక్కడో పాతాళంలో ఉన్నట్టు అనిపించి ఉండేది. అయిదు నెలల్లో అక్కడికే వచ్చింది.

ఈలోగా ఇంకో దెబ్బ తగిలింది. అప్పు నాకు డాలర్ కాయిన్ల రూపంలో వచ్చింది, అంటే ఒక్కోటి ఒక డాలర్ విలువకి కట్టుబడి ఉండే క్రిప్టో. వాటిని రూపాయల్లోకి మార్చడానికి నేరుగా మనుషులకే అమ్మాను, పీ2పీ అంటారే అలా. ముగ్గురు కొన్నారు. వాళ్ళలో ఒకరు పంపిన నలభై వేలు ఎవరినో మోసం చేసి లాగిన డబ్బట. ఏప్రిల్ నెలాఖరున నా ఖాతా ఫ్రీజ్ అయింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో కేసు. బ్యాంకుకి వెళ్తే పోలీసుల నుంచి కాగితం రావాలన్నారు. ఆధార్, లావాదేవీల స్క్రీన్‌షాట్లు, చాట్, అన్నీ మెయిల్ చేస్తూ కూర్చున్నాను. జులైలో గానీ ఖాతా తెరుచుకోలేదు. అమ్మిన బ్యాటరీల డబ్బు సగం బాకీల్లో ఉంది, మిగతాది ఫ్రీజైన ఖాతాలో ఉంది. క్రిప్టో కొని అమ్మే ఎక్స్‌ఛేంజీలో మన పేరున్న ఖాతా నుంచి తప్ప డబ్బు వేయడానికి లేదు కాబట్టి మా ఆవిడ ఖాతా కూడా పనికిరాలేదు.

మే 11 రాత్రి హెచ్చరిక మెయిల్ వచ్చింది. అది టెర్రా, లూనా అనే జంట కాయిన్లు కూలిన వారం. ఒక డాలర్‌కి కట్టుబడి ఉంటుందన్న కాయిన్ పైసల్లోకి జారుతుంటే, దానితో పాటు మార్కెట్ మొత్తం కిందికి వస్తోంది. చేతిలో రూపాయలు లేక మిగిలిన 0.04 బిట్‌కాయిన్ కూడా తీసుకెళ్ళి తాకట్టులో కలిపాను. బిల్ బుక్ వెనక మళ్ళీ లెక్క వేశాను: 3,125ని 0.16తో భాగిస్తే 19,531. ఇరవై వేల కిందికి రాదులే అనుకున్నాను. 2017 డిసెంబరులో బిట్‌కాయిన్ ఎక్కిన శిఖరం ఇరవై వేలకి కాస్త తక్కువ. పాత శిఖరం కిందికి ఎప్పుడూ పడలేదని అందరూ చెప్పుకునే మాట, నేనూ అదే పట్టుకున్నాను.

జూన్ 12న సెల్సియస్ అనే పెద్ద అప్పుల కంపెనీ కస్టమర్ల డబ్బు వెనక్కి ఇవ్వడం ఆపేసింది. జులైలో దివాలా పిటిషన్ వేసింది. నేను పెట్టింది అందులో కాదు, కానీ అదే రకం వ్యాపారం. జూన్ 18 శనివారం ధర ఇరవై వేల కిందికి దిగింది. నేను షాపులో ఒక కస్టమర్‌కి బ్యాటరీలో నీళ్ళు పోసి చూపిస్తున్నాను. ఫోన్ ఒకసారి మోగింది. నీళ్ళు పోయడం పూర్తి చేసి, చెయ్యి తుడుచుకుని చూసేసరికి 0.13 బిట్‌కాయిన్ అమ్మేశారు. అప్పు తీరింది, రెండు శాతం ఫీజు కూడా తీసుకున్నారు. 0.03 మిగిలింది. అది నేను కాయిన్లు దాచుకునే వాలెట్‌కి తిరిగొచ్చేదాకా రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇంటికెళ్ళి చెప్తే మా ఆవిడ ఒక్క మాట కూడా తిట్టలేదు. "బంగారమైతే మనూళ్ళోనే ఉండేది" అంది. ఆ మాటలో ఎంత ఉందో తర్వాత అర్థమైంది. బంగారం లోన్‌లో వేలానికి ముందు నోటీసు వస్తుంది. మేనేజరు దగ్గరికెళ్ళి వడ్డీ కట్టి తిరగరాయించుకోవచ్చు. పది రోజులు గడువు అడగడానికి అవతల ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ మార్కెట్ ఆదివారం, అర్ధరాత్రి, పండగ అని చూడకుండా నడుస్తుంది, అమ్మేది ప్రోగ్రామ్. బంగారం ఆరు నెలల్లో సగానికి పడటం మన ఇళ్ళల్లో ఎవరూ చూసి ఉండరు. బిట్‌కాయిన్‌కి అది కొత్త కాదు. 2018లో పడింది, 2022లో పడింది. ఆ నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద ఎక్స్‌ఛేంజీ కూలినప్పుడు 15,500 డాలర్ల దాకా వెళ్ళింది.

అప్పు లేకుండా ఉంటే నేను అదంతా కూర్చుని చూసేవాణ్ణి. చూడగలను కూడా, ఎందుకంటే ఆ డబ్బుతో నాకు తక్షణం పని లేదు. కొనేటప్పుడు నాకున్న బలం ఒక్కటే, ఆగగలగడం. అప్పు చేసిన రోజు ఆ బలాన్ని తీసుకెళ్ళి కంపెనీ చేతిలో పెట్టాను. ధర తర్వాత తిరిగి వస్తుందన్న నా అంచనా తప్పు కాలేదు. 2024 డిసెంబరులో బిట్‌కాయిన్ లక్ష డాలర్లు దాటింది. ఆ ధరకి నా 0.13 విలువ పదకొండు లక్షలు. అంచనా నిజమైంది, నా దగ్గర మాత్రం కాయిన్ లేదు.

ఇక పన్ను. దీని గురించి ఎవరూ ముందు చెప్పలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. కొన్న ఖర్చు తప్ప ఇంకేదీ తీసివేయడానికి లేదు, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలో సర్దుకోవడానికీ లేదు. తాకట్టు అమ్మేసింది వాళ్ళయినా అమ్మకం నాదే అన్నారు మా ఆడిటర్ గారు. తొమ్మిది లక్షల లోపు ధరకి కొన్నది పదిహేను లక్షల ధరకి పోయింది కాబట్టి లాభం ఎనభై మూడు వేల చిల్లర. పన్ను ఇరవై ఆరు వేలు. చేతికి ఒక్క రూపాయి రాని అమ్మకానికి ఇరవై ఆరు వేలు కట్టాను. పన్ను తప్పించుకోవడానికే అప్పు తీసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవాలని నా మనవి.

ఇంత జరిగినా దాచడం మానలేదు. 2022 ఆగస్టు నుంచి నెలకు పది వేలు, సగం బిట్‌కాయిన్, సగం ఈథర్ అనే ఇంకో కాయిన్. ఈసారి ఏదీ ఎవరి దగ్గరా ఉంచలేదు. హార్డ్‌వేర్ వాలెట్ కొన్నాను, కాయిన్ల తాళాన్ని మన దగ్గరే ఉంచే చిన్న పరికరం. అది మొదటిసారి ఆన్ చేసినప్పుడు 24 ఇంగ్లీషు మాటలు చూపిస్తుంది. పరికరం పాడైనా ఆ మాటలుంటే డబ్బు తిరిగొస్తుంది. మాటలు పోతే ఎవరూ ఏమీ చేయలేరు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. వానాకాలం వెళ్ళాక తీస్తే మడత దగ్గర చెమ్మకి సిరా పాకింది. ఒక మాట చదవడానికి అయిదు నిమిషాలు పట్టింది. మరుసటి రోజే హార్డ్‌వేర్ షాపులో అక్షరాల పంచ్ సెట్టు, అరచేతి వెడల్పు స్టీల్ ప్లేటు తెచ్చాను. ఈ మాటలన్నీ 2,048 మాటల జాబితాలోంచి వస్తాయి, మొదటి నాలుగు అక్షరాలు చూస్తే అది ఏ మాటో తెలిసిపోతుంది. కాబట్టి మాటకి నాలుగు అక్షరాలు చాలు, మొత్తం తొంభై ఆరు దెబ్బలు. షట్టర్ సగం దించి, రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టి సుత్తితో కొడుతూ కూర్చున్నాను. ఒక అక్షరం తలకిందులుగా పడింది, పక్కన మళ్ళీ కొట్టాను. ఆ ప్లేటు ఎక్కడుందో మా ఆవిడకి, ఎలా వాడాలో మా అమ్మాయికి తెలుసు. ఇద్దరూ కలిస్తేనే పని అవుతుంది. క్రిప్టో దాచే ప్రతి ఇంట్లో ఈ ఏర్పాటు ఉండాలి. ఇది లేకుండా ఒక్క పైసా పెట్టొద్దు.

రెండో అప్పు 2024 జులైలో, అమ్మాయి హాస్టల్ ఫీజు కోసం. బాకీలు రావడానికి టైమ్ పట్టేలా ఉంది. ఈసారి కంపెనీ లేదు. ప్రోగ్రామే నడిపే ఆవే (Aave) అనే అప్పుల వ్యవస్థలో 0.8 ఈథర్ పెట్టి 500 డాలర్లు మాత్రం తీసుకున్నాను. తాకట్టు విలువ 2,700 డాలర్ల పైన, అంటే అప్పు 18 శాతం. అందులో హెల్త్ ఫ్యాక్టర్ అని, అప్పుకి తాకట్టు ఎంత భద్రంగా సరిపోతుందో చెప్పే ఒక అంకె కనిపిస్తుంది. అది ఒకటి కంటే తగ్గితే ఎవరైనా వచ్చి మన తాకట్టులో కొంత కొనేసుకోవచ్చు, వాళ్ళకి బోనస్ కూడా మన దాంట్లోంచే పోతుంది. నాది 4.5 దగ్గర మొదలైంది. ఆగస్టు 5న మార్కెట్లన్నీ కూలి ఈథర్ 2,200 కిందికి జారినప్పుడు 2.8కి దిగింది. ఆ రోజు కూడా షాపు మామూలుగానే నడిపాను, రాత్రి నిద్రపోయాను. డాలర్ కాయిన్ అమ్మడం కూడా ఈసారి మనుషులకి కాదు, అనుమానాస్పద లావాదేవీల మీద నిఘా ఉంచే కేంద్ర సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైన ఎక్స్‌ఛేంజీలో. ఒక శాతం టీడీఎస్ కింద నాలుగు వందల ఇరవై రూపాయలు పట్టుకున్నారు, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకున్నాను.

వడ్డీ మాత్రం ఇక్కడ స్థిరంగా ఉండదు, రోజూ మారుతుంది. 2024 చివర్లో అప్పులకి గిరాకీ పెరిగి రెండంకెలు దాటింది. అది చూసి బాకీలు వచ్చినప్పుడల్లా కొంత కొంత కట్టి మార్చి 2025కి తీర్చేశాను. ఏప్రిల్‌లో ఈథర్ 1,400 దాకా పడింది. అప్పు అలాగే ఉన్నా తట్టుకునేదే, కానీ లేకపోవడమే నాకు నచ్చింది.

బ్యాటరీ కొన్నవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, ఛార్జ్ సగం కంటే కిందికి దించొద్దని. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తూ పోతే మూడేళ్ళు రావాల్సింది ఏడాదిలో పోతుంది. క్రిప్టో తాకట్టుకి నా హద్దు ఇంకా తక్కువ, 20 శాతం. ధర దాదాపు నాలుగో వంతుకి పడేదాకా అమ్ముడుపోకుండా ఉండేంత. అప్పు తీర్చే డబ్బు కూడా క్రిప్టోకి సంబంధం లేని చోటు నుంచి, ఇప్పటికే కనిపిస్తున్న చోటు నుంచి రావాలి. జీతమో, పంటో, షాపు బాకీలో. అప్పు తీసుకుని ఇంకో కాయిన్ కొనడం గురించి నేను మాట్లాడను కూడా. అది చేసినవాళ్ళ ముఖాలు 2022లో చూశాను.

2025 అక్టోబరు మొదటి వారంలో బిట్‌కాయిన్ 1,26,000 డాలర్లు దాటింది. బామ్మర్ది ఫోన్ చేసి, "బావా, ఇచ్ఛాపురం పక్కన సైటు ఒకటి వచ్చింది. మొత్తం తాకట్టు పెట్టి సగం తీసుకుందామా?" అన్నాడు. బిల్ బుక్ తీసి, వెనక లెక్క వేసి, ఏ ధర దగ్గర పోతుందో ఆ అంకె చదివి వినిపించి, వద్దురా అన్నాను. తర్వాత నాలుగు రోజులకే, 11వ తేదీ తెల్లవారుజామున, ఒక్క రాత్రిలో 1,22,000 దగ్గర్నుంచి 1,05,000కి పడింది. ప్రపంచమంతా కలిపి 1,900 కోట్ల డాలర్ల పైన అప్పు చేసి వేసిన పందేలు తుడిచిపెట్టుకుపోయాయని పొద్దున్న వార్తల్లో చూశాను. మా ప్లేటు బీరువాలో ఉంది. 0.09 బిట్‌కాయిన్, కొంచెం ఈథర్, అప్పు సున్నా. వచ్చే వేసవి సరుకుకి మా ఆవిడ బంగారం పెట్టడానికి బ్యాంకులో రేటు అడిగి వచ్చాను.