ఐదేళ్లుగా వాడుతున్న వాసన లేని పెట్రోలియం జెల్లీ

పలాసలో జీడిపప్పు పనిచేసే ఇళ్లలో చేతులు పొక్కితే ఎవరూ కారణం వెతకరు. జీడిపిక్క తొక్కలోని సొన తగిలిందంటారు, చాలామంది విషయంలో అది నిజం కూడా. మామిడి సొనకు మూతి పొక్కడమూ, జీడి సొనకు చేతులు పొక్కడమూ ఒకే కుటుంబానికి చెందిన చెట్ల లక్షణం. మా అత్తగారు పిక్కలు కొట్టినన్నాళ్లూ చేతులకు ఆముదం పట్టించుకొని పనిలో కూర్చొనేవారు. నాది సొన తగలని పని, ఒలిచిన పప్పును గ్రేడుల వారీగా ఏరడం. అయినా తిత్లీ తుఫాను వచ్చిన 2018లో, ఆ చలికాలం నా వేళ్ల సందుల్లో, మణికట్ల మీద, కొన్నాళ్లకు కనురెప్పల మీద దురద మొదలైనప్పుడు నేను కూడా జీడినే అనుమానించాను. ఉపశమనం కోసం రోజుకు మూడుసార్లు మంచి పరిమళం గల ఒక క్రీము రాసుకొంటూ వచ్చాను.

బాధ పెడుతున్నది ఆ క్రీమేనని తెలియడానికి ఏడాదికి పైగా పట్టింది. ఇలాంటి అలెర్జీ రాసిన గంటకు కనిపించదు. ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది కాబట్టి, ఆ రోజు చేతికి ఏది తగిలితే నింద దాని మీద పడుతుంది.

2020 జనవరిలో విశాఖపట్నంలో మా అక్క ఇంట్లో ఉండి, చర్మానికి ఏది పడదో తేల్చే ప్యాచ్ పరీక్ష చేయించుకొన్నాను. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులు తడి తగలకుండా ఉంచి, తీసిన రోజున ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకొకసారి చూశారు. పరిమళ ద్రవ్యాల మిశ్రమం అంటించిన చోట చర్మం ఎర్రగా ఉబ్బింది. ఆ మిశ్రమంలో లవంగాలలో ఉండే యూజినాల్, దాల్చినచెక్కలో ఉండే సిన్నమాల్ కూడా ఉన్నాయని డాక్టరుగారు చెప్పినప్పుడు, ‘సహజం’ అన్న మాట చూసి నేను కొన్న తులసి, లవంగ నూనెల క్రీములన్నీ గుర్తుకొచ్చి మనసు చివుక్కుమంది. తులసి నూనెలోనూ యూజినాల్ ఉంటుంది.

నేను ఈ జెల్లీని అంతగా ఇష్టపడటానికి కారణం కూడా ఆ గదిలోనే దొరికింది. వీపు మీద అంటించిన పట్టీలలో ఒకదానిలో ఏ మందూ లేదు, తెల్లని పెట్రోలియం జెల్లీ ఒక్కటే ఉంది. మిగిలిన పదార్థాలలో చాలావాటిని కూడా అదే జెల్లీలో కలిపి అంటిస్తారట. తనంతట తాను చర్మాన్ని రెచ్చగొట్టడం చాలా అరుదు కాబట్టే దానిని పోలికకు ఉంచుతారని డాక్టరుగారు వివరించారు. నా వీపు మీద ఆ చోటు మామూలుగానే ఉంది. ఇంటికి వస్తూ వాసన లేని జెల్లీ డబ్బా ఒకటి కొన్నాను. వెనుక పదార్థాల పట్టికలో ఒకే ఒక్క పేరు ఉంది. ఏడాది పాటు ప్రతి సీసా వెనుక అక్షరాలతో కుస్తీ పట్టిన నాకు ఆ ఒక్క పేరు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. క్రీము మానేసి ఇది వాడటం మొదలుపెట్టిన నెలన్నరకు కనురెప్పలు, ఆపైన చేతులు నెమ్మదించాయి.

అయితే రెండో ఏడాది ఒక పొరపాటు జరిగింది. డబ్బా అయిపోతే కాశీబుగ్గలో ఒక దుకాణానికి మా అబ్బాయిని పంపాను. అదే పరిమాణం, అదే ఆకారం, మూత రంగు మాత్రం కొద్దిగా వేరు. వాసన చూడకుండానే రాత్రి చేతులకు పట్టించాను. మూడో నాటికి వేళ్ల సందులు మళ్లీ చిట్లాయి. డబ్బా తిప్పి చూస్తే అది పసిపిల్లల కోసం చేసిన రకం, పట్టిక చివరన ‘పెర్ఫ్యూమ్’ అని ఉంది. పట్టికలో ఎక్కువ ఉన్నవి ముందు వస్తాయి, ఒక శాతానికి లోపు ఉన్న పదార్థాలను మాత్రం చివరన ఏ వరుసలోనైనా రాయవచ్చు, పరిమళం సాధారణంగా అక్కడే ఉంటుంది. ఇంతకుముందు నేను మొదటి నాలుగు పేర్లు చదివి వదిలేసేదాన్ని, కానీ అలెర్జీ ఉన్న చర్మానికి ఆ చివరి పేరే చాలు. యూరప్‌లో పరిమళంలోని కొన్ని అలెర్జీ కారకాలను 2005 నుంచి విడివిడిగా పేరు పెట్టి రాయిస్తున్నారు. నా చేతిలోని డబ్బా మీద ఉన్నది ఆ ఒక్క మాటే. ‘అన్‌సెంటెడ్’ అని రాసినవాటిలో సైతం ముడి వాసనను కప్పడానికి పరిమళం కలపవచ్చని ఆ తరువాత తెలిసింది. అందుకే ఇప్పుడు ఏ కొత్త డబ్బా వచ్చినా, అదే రకమైనా సరే, మోచేతి మడత దగ్గర రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూశాకే చేతులకు వాడతాను.

మొదటి ఏడాది కనిపించినవారందరికీ దీనిని వాడమని చెప్పాను. ఇప్పుడు అంత ధైర్యంగా చెప్పలేను. ఇది చర్మానికి నీటిని చేర్చదు, ఉన్న తడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుందంతే. చేతులు కడుక్కొని తడి పూర్తిగా ఆరకముందే రాస్తేనే ఫలితం కనిపించింది, పొడి చేతులకు రాసిన రోజుల్లో జిడ్డు తప్ప ఏమీ మిగలలేదు. పప్పు ముట్టుకొనే పని కాబట్టి పగలు రాసుకోవడానికి నాకు వీలులేదు, వాడకమంతా రాత్రిపూటే. మే నెల ఉక్కలో మెడకు రాస్తే చెమటకాయలు లేచాయి, అప్పటినుంచి వేసవిలో చేతులకు, మడమలకు తప్ప రాయడం మానేశాను. దిండు గలీబుల మీద పడిన మరకలు ఉతికినా పూర్తిగా పోలేదు.

పిక్కలు కొట్టే పనిలో ఉన్న మా తోటికోడలు ఆముదానికి బదులు ఇది పనికొస్తుందా అని అడిగింది. నాకు పడనిది పరిమళం, ఆమె చేతులకు తగిలేది సొన. అందుచేత ఆమెకు అవునని చెప్పలేకపోయాను. పరీక్ష చేసిన డాక్టరుగారి చిరునామా రాసి ఇచ్చాను.