దేశాల వారీ అడ్డుకట్ట: ఒక ఇంటర్నెట్ రక్షణ సేవపై సమీక్ష

హిమాయత్‌నగర్‌లోని మా ఆడిట్ ఆఫీసుకు లీజ్డ్ లైన్ (ఆఫీసుకే ప్రత్యేకించిన ఇంటర్నెట్ కనెక్షన్) ఇచ్చిన ప్రొవైడరే, అదనపు రుసుము మీద, దేశాల వారీగా ఇంటర్నెట్ ట్రాఫిక్‌ను ఆపే రక్షణ సేవను కూడా ఇస్తున్నాడు. రిటర్నుల సీజన్ మొత్తం దాన్ని వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. సేవలో రెండు స్థాయిలున్నాయి. మొదటి స్థాయిలో మనం ఎంచుకున్న దేశాల ఐపీ చిరునామాల (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఉండే సంఖ్యల) నుంచి లోపలికి వచ్చే ట్రాఫిక్ మన ఫైర్‌వాల్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు కాపలా ఉండే యంత్రం) దాకా రాకముందే ఆగిపోతుంది. రెండో స్థాయిలో ఆఫీసు నుంచి బయటికి వెళ్లే ట్రాఫిక్ కూడా భారతదేశంలోని చిరునామాలకే పరిమితమవుతుంది. మినహాయింపులు కావాలంటే జాబితా రాసి పంపి, వారు ఆమోదించేదాకా ఆగాలి. సేవను అమ్మడానికి వచ్చిన ప్రతినిధి గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: చైనా, రష్యా తమ దేశం మొత్తానికి చేసుకుంటున్నదే మీ ఆఫీసుకు మేం చేసిపెడతాం అని. దేశం తలుపులు మూసుకుంటే సైబర్ దాడులు తగ్గుతాయన్న నమ్మకం చదువుకున్నవాళ్లలో కూడా బలంగా ఉంది కాబట్టి, సేవ పనితీరుతో పాటు ఆ మాటను కూడా పరీక్షకు పెట్టడం అవసరమనిపించింది.

మొదటి స్థాయికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. శాఖల సిబ్బంది టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) సర్వర్‌లోకి రావడానికి మా దగ్గర రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే ఆ కంప్యూటర్‌ను తెరిచి వాడే పద్ధతి) వాడకం ఉంది. సర్వర్ లాగ్ (లాగిన్ ప్రయత్నాలన్నీ నమోదయ్యే చిట్టా) తెరిచి చూస్తే, రాత్రి పగలు తేడా లేకుండా ఎవరెవరో 'అడ్మినిస్ట్రేటర్', 'అడ్మిన్', 'టెస్ట్', 'యూజర్1', చివరికి 'టాలీ' అన్న పేర్లతో కూడా పాస్‌వర్డులు ఒకదాని వెనుక ఒకటి ప్రయత్నిస్తున్నట్టు కనిపించేది. అడ్డుకట్ట పెట్టిన వెంటనే ఈ తాకిడి చాలా మేరకు పడిపోయింది, లాగ్ చదవడానికి వీలైనంత చిన్నదైంది. ఇది చిన్న లాభం కాదు, ఎందుకంటే వేల పంక్తుల రొదలో అసలైన ప్రమాదకరమైన పంక్తిని గుర్తించడం ఎవరికైనా కష్టమే. దేశాల స్థాయిలో కూడా ఇలాంటి తాత్కాలిక ఉపశమనానికి ఉదాహరణ ఉంది. 2007లో ఎస్తోనియా బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్లపై వరదలా ట్రాఫిక్ వచ్చి పడినప్పుడు, అక్కడి కొన్ని సంస్థలు విదేశాల నుంచి వచ్చే సంబంధాలను తాత్కాలికంగా తెంచుకుని నిలదొక్కుకున్నాయి.

అయితే మా లాగ్‌లో మిగిలిన కొద్దిపాటి ప్రయత్నాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసినప్పుడు ఈ పద్ధతికి ఉన్న హద్దు తెలిసింది. అవి మన దేశంలోని డేటా సెంటర్లలో అద్దెకు దొరికే సర్వర్ల నుంచీ, మామూలు ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ చిరునామాల నుంచీ వస్తున్నాయి. దాడి చేసేవాడు ఏ దేశంలో కూర్చున్నా, ముంబయిలో ఒక సర్వర్‌ను అద్దెకు తీసుకోగలడు, పాస్‌వర్డ్ మార్చని సీసీ కెమెరానో పాత రూటర్‌నో చేజిక్కించుకుని దాని ద్వారా రాగలడు. ఐపీ చిరునామా ఒక యంత్రం ఎక్కడుందో సుమారుగా చెబుతుంది తప్ప, దాని వెనుక ఎవరున్నారో చెప్పదు.

పైగా మా వంటి ఆఫీసులకు వచ్చే అసలు ముప్పు పోర్టుల (బయటి నుంచి సర్వర్‌లోకి వచ్చే ద్వారాల) దగ్గర కాదు, మెయిల్ పెట్టెలో ఉంటుంది. ఆదాయపు పన్ను నోటీసు అన్న శీర్షికతో, క్లయింటు పాన్ నంబరు సైతం సరిగ్గా రాసి, జిప్ ఫైలు తగిలించిన మెయిల్ ఒకటి మా అకౌంట్స్ విభాగానికి వచ్చింది. అది అందరూ వాడే పేరున్న మెయిల్ సేవ ద్వారా వచ్చింది కాబట్టి ఏ దేశపు అడ్డుకట్టా దాన్ని ఆపలేదు. పంపినవారి చిరునామాలో ఒక అక్షరం తేడా ఉందని గమనించిన జూనియర్ అమ్మాయి ఆపింది. ఇది ఎంత ముఖ్యమో హైదరాబాదు వారికి వేరే చెప్పనవసరం లేదు. 2022 జనవరిలో మన నగరంలోని మహేశ్ బ్యాంకు నుంచి 12 కోట్ల రూపాయలకు పైగా కొల్లగొట్టిన ఉదంతంలో, దొంగలు ఉద్యోగులకు పంపిన ఫిషింగ్ (నమ్మించి మోసగించే) మెయిళ్ల ద్వారానే లోపలికి చొరబడ్డారని పోలీసులు వెల్లడించారు. ఆ డబ్బు వెళ్లింది కూడా మన దేశంలోని ఖాతాల్లోకే, అక్కడి నుంచి దాన్ని తీసుకోవడానికి వాడినవి కూడా మన ఏటీఎంలే.

రెండో స్థాయి గురించి నా అభిప్రాయం కఠినంగానే ఉంటుంది. దాన్ని అమలు చేసిన కొద్ది రోజులకు కొన్ని కంప్యూటర్లలో యాంటీవైరస్ గుర్తు పసుపు రంగులోకి మారింది. విచారిస్తే, కొత్త వైరస్‌ల వివరాలను దించుకోవాల్సిన సర్వర్ల చిరునామాలు విదేశాల పేరిట నమోదై ఉండటంతో అవి ఆగిపోయాయని తేలింది. పెద్ద సంస్థల అప్‌డేట్లు ప్రపంచమంతా పరుచుకున్న సర్వర్ల నుంచి వస్తాయి, వాటి చిరునామాలు తరచుగా మారుతుంటాయి, కాబట్టి మినహాయింపుల జాబితా ఈ రోజు సరిపోయినా రేపు సరిపోదు. అంటే, రక్షణ పేరుతో పెట్టిన ఏర్పాటే రక్షణకు అత్యవసరమైన అప్‌డేట్‌ను ఆపేసింది. ఇక సిబ్బంది పని ఆగదు కదా. కొందరు మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకుని క్లయింట్ల ఫైళ్లు దించుకోవడం మొదలుపెట్టారు. ఆ క్షణం నుంచి మా ఫైర్‌వాల్‌కు గానీ, లాగ్‌కు గానీ వాళ్ల కంప్యూటర్లలో ఏం జరుగుతోందో తెలిసే అవకాశం లేకుండా పోయింది.

దేశం స్థాయిలో సరిగ్గా ఇదే జరిగిన సంఘటన ఒకటుంది, అమ్మకం ప్రతినిధి ఆదర్శంగా చూపిన చైనాలోనే. ఐఫోన్ యాప్‌ల తయారీకి వాడే ఎక్స్‌కోడ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్‌ను యాపిల్ సర్వర్ల నుంచి దించుకోవడం అక్కడ బాగా నెమ్మదిగా సాగేది. అందుకని చాలామంది డెవలపర్లు స్థానిక ఫైల్ షేరింగ్ సైట్లలో దొరికే ప్రతులను వాడారు. ఆ ప్రతుల్లో కొన్నింటిలో ఎవరో దొంగ కోడ్ కలిపి ఉంచారు. ఫలితంగా 2015 సెప్టెంబరులో, వీచాట్ వెర్షన్ ఒకదానితో సహా అనేక యాప్‌లు, తయారుచేసినవారికి తెలియకుండానే, ఆ కోడ్‌తో యాప్ స్టోర్‌లోకి చేరినట్టు బయటపడింది. అసలు చోటికి దారి కష్టమైనప్పుడు జనం పని మానుకోరు, నకిలీ చోటికి వెళతారు. దేశంలో సైట్లు మూసేసిన ప్రతిసారీ ఎవరు నడుపుతున్నారో తెలియని ఉచిత వీపీఎన్ (ట్రాఫిక్‌ను రహస్య మార్గంలో వేరే సర్వర్ ద్వారా పంపే) యాప్‌లకు గిరాకీ పెరగడానికి కారణం కూడా ఇదే.

రష్యా సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడ దేశపు ఇంటర్నెట్‌ను బయటి ప్రపంచం నుంచి విడదీసే అధికారం ప్రభుత్వానికిచ్చే సార్వభౌమ ఇంటర్నెట్ చట్టం 2019 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది; అయినా 2025 జులైలో ఏరోఫ్లోట్ విమాన సంస్థ కంప్యూటర్లపై జరిగిన దాడితో పదుల సంఖ్యలో విమానాలు రద్దయ్యాయి. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం యంత్రాలకు ఇంటర్నెట్‌తో సంబంధమే లేదు, అయినా 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ అక్కడికి చేరింది.

నిజంగా ఆలోచింపజేసే ఉదాహరణ సింగపూర్. అక్కడి ప్రభుత్వం దేశానికి తలుపులు వేయలేదు, 2017 నుంచి ప్రభుత్వ ఉద్యోగుల పని కంప్యూటర్లను మాత్రమే ఇంటర్నెట్ బ్రౌజింగ్ నుంచి వేరు చేసింది. ఆ విభజన అప్పటికి అమలు కాని సింగ్‌హెల్త్ ఆసుపత్రుల వ్యవస్థ నుంచి 2018లో, అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్‌తో సహా 15 లక్షల మంది రోగుల వివరాలు దొంగలపాలయ్యాయి. దాంతో ఆసుపత్రుల్లోనూ తాత్కాలికంగా విభజన పెట్టారు. కానీ విచారణ సంఘం ఎత్తిచూపిన లోపాలను చూడండి: అప్‌డేట్ చేయని సాఫ్ట్‌వేర్, తేలికగా ఊహించగల అడ్మిన్ పాస్‌వర్డ్, అనుమానం వచ్చినా పైవారికి సకాలంలో చెప్పని సిబ్బంది. విలువైన డేటా ఉన్న యంత్రాన్ని వేరుగా ఉంచడం మేలైన పద్ధతే, దాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. అది దేశపు సరిహద్దు దగ్గర కాక, ఆ యంత్రం చుట్టూ జరగాలి.

సేవ నిర్వహణలో రెండు లోపాలను ప్రొవైడర్ వెంటనే సరిచేయాలి. దేశాల జాబితాను మార్చే కంట్రోల్ ప్యానెల్‌లోకి పాస్‌వర్డ్ ఒక్కటి ఉంటే చాలు ప్రవేశించవచ్చు, ఓటీపీ అడగదు. ఎవరైనా ఆ పాస్‌వర్డ్ కాజేస్తే అడ్డుకట్ట అంతా ఒక్క క్లిక్‌తో తొలగిపోతుంది. రెండోది, ఆపేసిన ట్రాఫిక్ వివరాలు కొద్ది రోజుల తర్వాత ప్యానెల్‌లో కనిపించవు. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ, సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో తెలియజేయాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది కాబట్టి, ఈ లోపం చట్టపరంగా కూడా ఇబ్బంది పెట్టేదే.

రిమోట్ ప్రవేశం అవసరమైన చిన్న ఆఫీసులకు మొదటి స్థాయి పనికొస్తుంది, మేమూ దాన్ని కొనసాగిస్తున్నాం. రెండో స్థాయిని రద్దు చేసుకుని, ఆ మిగిలిన డబ్బుతో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో బ్యాకప్ కోసం హార్డ్ డిస్కులు కొన్నాం, టాలీ సర్వర్‌ను వీపీఎన్ వెనక్కి మార్చి ప్రతి లాగిన్‌కు ఓటీపీ పెట్టాం. ప్యానెల్‌కు ఓటీపీ పెట్టమని ప్రొవైడర్‌కు రాతపూర్వకంగా పంపిన అభ్యర్థనకు ఇంకా జవాబు రాలేదు.