హన్మకొండ డీటీపీ సెంటరులో లైనక్స్: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

హన్మకొండలో మేము నడిపే డీటీపీ సెంటరులో 2018 నుంచి తెలుగు పని దాదాపు అంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు (ఎవరైనా వాడుకొని, మార్చుకొని, పంచుకోగలిగే సాఫ్ట్‌వేరు) మీదనే సాగుతున్నది. కంప్యూటర్లలో లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉంది. మ్యాటరు కొట్టడానికి లిబ్రేఆఫీస్ రైటర్, పేజీలు కట్టడానికి స్క్రైబస్, పెండ్లి పత్రికలకూ పోస్టర్లకూ ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్, క్రిటా వాడుతున్నాము. కాకతీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాలు, ఇక్కడి కవుల సంపుటాలు, ఎనుమాముల మార్కెట్ వ్యాపారుల బిల్లు పుస్తకాలు, మేడారం జాతరకు ముందు వచ్చే కరపత్రాలు ఈ సాధనాలతోనే అచ్చుకు వెళ్లాయి. నా తీర్పు ముందే చెబుతాను. పుస్తకాల పనికి ఇవి నిండుగా సరిపోతాయి, శుభలేఖలకూ ఫ్లెక్సీలకూ కొంత కష్టపడాలి, ఉచితంగా దొరకడం వీటి లాభాలన్నిటిలో చిన్నది.

పెద్ద లాభం ఏమిటో మాకు పాత ఫైళ్లు తెలిపాయి. పదిహేను ఇరవై ఏళ్ల కిందట పుస్తకం వేయించుకున్న రచయితలు రెండో ముద్రణ కోసం సీడీ పట్టుకొని వస్తుంటారు. ఆ రోజుల్లో మన డీటీపీ పని యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ ఏ కంప్యూటరైనా గుర్తించే సంకేతం ఉన్న పద్ధతిలో, జరగలేదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు విడివిడి ముక్కలుగా పేర్చిన ఫాంట్లతో జరిగింది. ఆ ఫాంటు ఉన్న యంత్రంలో అది తెలుగు. లేని యంత్రంలో అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. అందులో ఒక ఊరి పేరు వెతకాలన్నా, పేర్లను అకారాది క్రమంలో పెట్టాలన్నా వీలు కాదు, ఎందుకంటే కంప్యూటరు లెక్కలో అక్కడ తెలుగు అక్షరమే లేదు. మేము వాడిన ఫాంట్ల ప్యాకేజీ డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే తాళం లాంటి చిన్న పరికరం) పెడితేనే నడిచేది. ఆ డాంగిల్ చెడిపోయి, కొత్త విండోస్‌లో ప్యాకేజీ తెరుచుకోవడం మానేశాక, మేము మా చేతులతో కొట్టిన వేల పేజీలు మా హార్డ్‌డిస్కులోనే ఉండి కూడా మాకు దక్కకుండా పోయాయి.

ఆ ఫైళ్లలో ఎక్కువ భాగం పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేరులో కట్టినవి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 2001లో వచ్చింది, ఆ తర్వాత దాని అభివృద్ధి ఆగిపోయింది. లిబ్రేఆఫీస్‌ను నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ 2014లో డాక్యుమెంట్ లిబరేషన్ అనే ప్రాజెక్టును మొదలుపెట్టి, మూలపడిన సాఫ్ట్‌వేర్ల ఫైళ్లను ఎవరైనా తెరవగలిగేలా చేయడమే పనిగా పెట్టుకుంది. ఆ కృషి ఫలితంగా 2015లో వచ్చిన లిబ్రేఆఫీస్ 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైలును నేరుగా తెరవవచ్చు. పేజీ అమరిక చెదురుతుంది, బొమ్మలు పక్కకు జరుగుతాయి, కానీ మ్యాటరు చేతికి వస్తుంది. దానిని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాములను స్వచ్ఛందంగా రాసి అందరికీ ఇచ్చినవారు ఉన్నారు. వాటి సోర్సు కోడు (ప్రోగ్రామరు రాసిన మూల పాఠం) తెరిచి ఉంటుంది కాబట్టి, మా ఫైళ్లలో తప్పుగా మారుతున్న వత్తులను మార్పిడి పట్టికలో మేమే సరిచేసుకోగలిగాము. మార్చిన తర్వాత ప్రూఫు మాత్రం ప్రతి పంక్తీ చదవాలి. క్రారవడి ఉన్న చోట, రెండు ముక్కలుగా కొట్టిన ఐత్వం ఉన్న చోట తప్పులు ఎక్కువగా దొర్లుతాయి. ఈ దారిలో బయటపడిన పుస్తకాలను చూసినప్పుడు, ఎక్కడో ఉన్న ఎవరో ఒక ప్రోగ్రామరు జీతం లేకుండా చేసిన పని వల్ల వరంగల్ కవి ఒకరి రచన మళ్లీ పాఠకుల చేతికి వచ్చిందన్న కృతజ్ఞత నాకు ప్రతిసారీ కలుగుతుంది.

రోజువారీ పనికి వస్తే, రైటర్ విషయంలో నాకు దాదాపు ఫిర్యాదు లేదు. 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి అది అక్షరాల కూర్పుకు ఏ ఆపరేటింగ్ సిస్టం మీదైనా హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌నే వాడుతున్నది, అందువల్ల రాష్ట్రం, లక్ష్మి, స్త్రీ వంటి మాటలు విండోస్‌లో ఎలా కూర్చబడతాయో లైనక్స్‌లోనూ అలాగే కూర్చబడతాయి. తెలుగు స్పెల్‌చెక్ ఉంది గాని బలహీనం. మన విభక్తులూ సంధులూ దానికి అందవు, ఒప్పు మాటల కింద కూడా ఎర్రగీతలు గీస్తుంది. కీబోర్డు విషయంలో ఆపరేటర్లు భయపడినంత ఇబ్బంది రాలేదు. ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఆపిల్, ఆర్టీఎస్, పోతన టైపింగ్ పద్ధతులు లైనక్స్‌లోని ఐబస్ అనే సాధనంలో దొరుకుతాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఇన్‌స్క్రిప్ట్ నేర్పుతున్నాము, ఎందుకంటే అది ప్రభుత్వ ప్రమాణం, ఏ యంత్రంలోనైనా ఉంటుంది.

స్క్రైబస్ గురించి ఎక్కువ చెప్పాలి. 1.4 వరకు అది తెలుగు వత్తులను సరిగ్గా కూర్చలేకపోయేది. ఆ సామర్థ్యం 1.5 అభివృద్ధి వరుసలో వచ్చింది, స్థిరమైన 1.6 మాత్రం 2024 జనవరి 1న గాని విడుదల కాలేదు. అంటే మేము చాలా కాలం పరీక్షా వెర్షన్ మీదనే అచ్చు పని చేశాము. సీఎంవైకే (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి) రంగులు, బ్లీడు (కత్తిరించే అంచు దాటి వేసే రంగు), కటింగ్ మార్కులు, ప్రింటింగ్ ప్రెస్సు కోరే పీడీఎఫ్ ఎక్స్ రకాలు అన్నీ ఇందులో ఉన్నాయి. పీడీఎఫ్ తీసే ముందు ఫైలులోని లోపాలను చూపే తనిఖీ వల్ల ప్లేటు ఖర్చు వృథా కాకుండా ఆగిన సందర్భాలు ఉన్నాయి. లోపం వేగంలో ఉంది. పొడవైన పుస్తకాన్ని ఒకే గొలుసు ఫ్రేములలో పోస్తే అది మందగిస్తుంది, అందుకే మేము అధ్యాయానికి ఒక ఫైలు చేసి చివర పీడీఎఫ్‌లను కలుపుతాము.

గింప్‌లో ఇప్పటికీ పూర్తిస్థాయి సీఎంవైకే మోడు లేదు, ఆ పనికి క్రిటా మేలు. ఫ్లెక్సీ ప్రింటింగువాళ్లలో చాలామంది కోరల్ (కోరల్‌డ్రా అనే అమ్మకపు డిజైన్ సాఫ్ట్‌వేరు) ఫైలే అడుగుతారు. ఇంక్‌స్కేప్ నుంచి పీడీఎఫ్ పంపి ఒప్పించడానికి ఓపిక కావాలి. ఇక ఫాంట్లు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మల్లన్న, మండలి, రామభద్ర, గిడుగు వంటివి, గోలకొండ పత్రిక సంపాదకుడు ప్రతాపరెడ్డి గారి పేరు మోసే సురవరం, బమ్మెర పోతన పేరిట వచ్చిన పోతన2000 ఎవరైనా వాడుకోగలిగే లైసెన్సులతో దొరుకుతాయి. అయితే చాలావాటిలో ఒకే మందం ఉంది. శీర్షికలకు బోల్డు కావాలంటే నోటో తెలుగు, అనెక్ తెలుగు వైపు వెళ్లాలి. పెండ్లి పత్రికకు అలంకారం కోరేవారికి చూపించగల రకాలు అమ్మకపు ప్యాకేజీలలో ఉన్నన్ని ఇక్కడ లేవు, ఈ కొరత నిజమైనది.

ప్రింటర్ల విషయంలో కొనే ముందే విచారించుకోవాలి. హెచ్‌పీ యంత్రాలకు ఆ కంపెనీయే ఓపెన్ సోర్సు డ్రైవరు ఇస్తుంది, అవి తగిలించగానే పనిచేశాయి. మరొక తయారీదారు పాత లేజర్ ప్రింటరును లైనక్స్‌తో నడిపించలేక అమ్మేశాము. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్‌ను ఆ వైపు నడిపిన కారణాల్లో ఒకటి కూడా తన ప్రయోగశాలలోని ప్రింటరు సోర్సు కోడు దొరకకపోవడమే. 1983లో ఆయన స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం కోసం జీఎన్‌యూ ప్రాజెక్టును ప్రకటించారు. అచ్చు పనిలో ఉన్నవారికి ఆ కోపం సులభంగా అర్థమవుతుంది.

నా తోటివారు అడిగే ప్రశ్న ఒకటుంది: ఖరీదైన సాఫ్ట్‌వేరు కాపీ ఎలాగూ ఊరికే దొరుకుతుండగా ఇంత శ్రమ ఎందుకని. దొంగ కాపీని నేను స్వేచ్ఛగా ఎంచను. దానిని మార్చుకోలేము, దాని గురించి ఎవరినీ సాయం అడగలేము, దానితో వచ్చే వైరస్‌కు బాధ్యులెవరో తెలియదు, మన పని మాత్రం ఆ కంపెనీ ఫైలు రూపంలోనే చిక్కుకొని ఉంటుంది. మరో తరం ఆపరేటర్లు అదొక్కటే నేర్చుకొని బయటికి వస్తారు.

పెద్ద కంపెనీల మీద నాకు ద్వేషం లేదు. మేము వాడే నోటో ఫాంట్లు గూగుల్ ఇచ్చినవే, లోహిత్ తెలుగు రెడ్ హ్యాట్ ఇచ్చినది. నేను ప్రతి సాఫ్ట్‌వేరు విషయంలో చూసేది ఒక్కటే: ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే అధికారం ఇచ్చినవారి చేతిలో మిగిలి ఉన్నదా లేదా. నోటో ఫాంటును రేపు గూగుల్ మరిచిపోయినా, లైసెన్సు షరతులు పాటించినంత కాలం దానిని వాడే, మార్చే, పంచే హక్కు మాకు ఉంటుంది. 2010లో సన్ కంపెనీని ఒరాకిల్ కొన్నాక, సన్ నడిపిన ఓపెన్ఆఫీస్ భవిష్యత్తుపై నమ్మకం సడలిన అభివృద్ధికారులు అదే సంవత్సరం ఆ కోడుతోనే లిబ్రేఆఫీస్‌ను ప్రారంభించారు. లైసెన్సు ఆ దారిని తెరిచి ఉంచింది. ఇందుకు భిన్నమైనది 2025 జూలైలో మన దేశంలోనే జరిగింది. యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత నయారా ఎనర్జీ సంస్థకు మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేయగా, ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, ఆ తర్వాత సేవలు మళ్లీ మొదలయ్యాయి. గుజరాత్‌లో పెద్ద చమురు శుద్ధి కర్మాగారం ఉన్న సంస్థకే ఆ పరిస్థితి వస్తే, నెలనెలా కిరాయి కట్టి సాఫ్ట్‌వేరు వాడే చిన్న సెంటరు ఏ కోర్టుకు వెళ్లగలదు? అదే ఏడాది నుంచి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో స్వదేశీ కంపెనీ జోహో సాఫ్ట్‌వేరు వాడకం పెరిగింది. అది సంతోషించదగినదే, అయినా జోహో ఆఫీస్ కూడా మూసిన కోడే కాబట్టి, నా ప్రశ్న అక్కడా అలాగే మిగులుతుంది.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది, విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉన్న కొత్త తరం యంత్రాలు కావాలి. అంతకంటే పాత కంప్యూటర్లు మా దగ్గర లైనక్స్ మింట్ మీద నిబ్బరంగా పనిచేస్తున్నాయి. మింట్ 22కు 2029 వరకు భద్రతా నవీకరణలు వస్తాయి. మారదలచుకున్నవారు ఆపరేటింగ్ సిస్టంతో మొదలుపెట్టవద్దు. ముందు విండోస్‌లోనే లిబ్రేఆఫీస్, ఇంక్‌స్కేప్ పెట్టుకొని, కొత్తగా వచ్చే పనిని యూనికోడ్‌లో చేయడం అలవాటు చేసుకోవాలి. కోరల్ పని ఎక్కువగా ఉన్న సెంటరు ఒక విండోస్ యంత్రాన్ని ఉంచుకోవడమే మంచిది, మేమూ ఒకటి ఉంచుకున్నాము. పుస్తకం వేయించుకునే రచయితలకు నా సూచన వేరు. పని పూర్తయ్యాక పీడీఎఫ్ ఒక్కటే తీసుకొని వెళ్లకండి, యూనికోడ్‌లో ఉన్న ఓడీటీ (రైటర్‌లో తెరిచి మార్చుకోగల) ఫైలునూ అందులో వాడిన ఫాంటునూ కూడా డీటీపీవారిని అడిగి తీసుకోండి. అడిగితే మేము ఇస్తాము, ఏ సెంటరైనా ఇవ్వాలి.