గేటర్‌స్కిన్ 700×25: మూడేళ్లు, 13,200 కిలోమీటర్ల తర్వాత

కాంటినెంటల్ కంపెనీ రోడ్ సైకిల్ టైరు గేటర్‌స్కిన్, 25 సైజు (వెడల్పు 25 మి.మీ.), వైర్ బీడ్ రకం, అంటే రిమ్ములో కూర్చునే అంచు (బీడ్) లోపల స్టీలు తీగ ఉన్నది. మూడేళ్లలో 13,200 కిలోమీటర్లకు మొత్తం నాలుగు టైర్లు వాడాను. అందులో రెండు తీసేశాను, రెండు ఇంకా తిరుగుతున్నాయి. మనిషి బరువు 72 కిలోలు, సైకిలూ నీళ్ల సీసాలూ కలిపి ఇంకో 11. రిమ్ము లోపలి వెడల్పు 17 మి.మీ. ట్యూబులు మామూలు బ్యూటైల్ రబ్బరువి. దారులు హైదరాబాద్ పడమటివి: ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) సర్వీసు రోడ్లు, సోలార్ కప్పు కింది 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్, చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు, వారాంతాల్లో వికారాబాద్ దాటి అనంతగిరి ఘాట్. ఈ వివరాలు ముందే చెప్పడానికి కారణం ఉంది. బరువు, గాలి, రోడ్డు చెప్పకుండా "టైరు ఇన్ని వేలు వచ్చింది" అంటే ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

ముందు అరుగుదల లెక్క. మొదటి వెనక టైరు 5,900 కిలోమీటర్లకు లోపలి దారాలు తేలి పనికిరాకుండా పోయింది. అప్పుడు ముందు చక్రానిది వెనక్కి మార్చి, ముందు కొత్తది వేశాను. వెనక్కి వచ్చినది అక్కడ 4,700 తిరిగింది. అరిగి కాదు, రోడ్డంచున నిటారుగా నాటుకున్న కంకర రాయి సైడ్‌వాల్‌ను (టైరు పక్క భాగాన్ని) కోసేయడంతో దాన్ని తీసేయాల్సి వచ్చింది. అప్పటికి అది 10,600 కిలోమీటర్లు చూసింది, అందులో 5,900 ముందు చక్రంలోనే. మూడోది ముందు 4,700 తిరిగి, ఇప్పుడు వెనక 2,600 దగ్గర ఉంది. నాలుగోది ముందు చక్రంలో ఉంది. 2,600 కిలోమీటర్ల తర్వాత కూడా దాని నడి మధ్యలో తయారీ అచ్చు వదిలిన గీత కనిపిస్తూనే ఉంది.

ముందు, వెనక ఇంత తేడా ఎందుకంటే బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రం మీదే పడుతుంది. పైగా తొక్కే బలమంతా ఆ టైరు గుండానే రోడ్డుకు చేరుతుంది. అందుకే వెనకది నడి మధ్యలో పలకబారుతుంది. ఈ పలక వెడల్పును స్టీలు స్కేలుతో కొలవడమే అరుగుదల తెలుసుకోవడానికి నాకు నమ్మకమైన పద్ధతి. కొత్త టైరు గుండ్రంగా ఉంటుంది, కొలవడానికి ఏమీ ఉండదు. మొదటి టైరుకు 2,000 దగ్గర పలక 8 మి.మీ. ఉంది, 4,000 దగ్గర 12, 5,500 దగ్గర 15. పదిహేను దాటాక ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే. ఇదే కంపెనీ గ్రాండ్ ప్రీ 5000 లాంటి టైర్లకు ట్రెడ్డు (రోడ్డుకు తగిలే పై రబ్బరు) మధ్యలో రెండు చిన్న గుంటలు పెడతారు, అవి మాయమైతే మార్చాలని గుర్తు. గుంటలు ఉన్నా లేకున్నా పలక అబద్ధం చెప్పదు. మలుపులో ఒరిగినప్పుడు సైకిలు ఒక అంచు మీద నుంచి దొర్లినట్టు అనిపిస్తే, స్కేలు తీయకముందే విషయం తెలిసిపోతుంది.

పలకబారిన వెనక టైరును "ముందు ఎలాగూ తక్కువ అరుగుతుంది కదా" అని ముందు చక్రానికి మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. వెనక టైరు పేలితే సైకిలు అటూ ఇటూ ఊగినా ఆపుకోగలం. ముందుది ఘాట్ దిగుతుండగా పేలితే హ్యాండిల్ చేతిలో ఉండదు. కొత్తది ఎప్పుడూ ముందుకే, ముందుది వెనక్కి, వెనకది చెత్తకు.

ఇక పంక్చర్లు. మొత్తం 11, వెనక 9, ముందు 2. సన్నటి స్టీలు తీగలు 4, ముళ్లు 3, గాజు 1. మిగిలిన మూడింట్లో టైరు తప్పేమీ లేదు: గాలి తక్కువై గుంతలో రిమ్ముకు నలిగినది ఒకటి, రిమ్ టేపు జరిగి చువ్వ రంధ్రం దగ్గర తెగినది ఒకటి, వాల్వు మొదట్లో చిరిగినది ఒకటి. అంటే టైరును దాటి లోపలికి వచ్చినవి ఎనిమిదే, సగటున 1,650 కిలోమీటర్లకు ఒకటి. సర్వీసు రోడ్ల అంచున తిరిగే సైకిలుకు ఇది మంచి లెక్కే.

అయితే ఆ ఎనిమిదిలో గాజు ఒక్కటే, తీగలు నాలుగు. దీని వెనక ఉన్న సంగతి తెలిస్తే టైరు కొనేటప్పుడు ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో తెలుస్తుంది. గేటర్‌స్కిన్ ట్రెడ్డు కింద పాలిఎక్స్ బ్రేకర్ అనే దట్టమైన పాలియెస్టర్ నేత పట్టీ ఉంటుంది. సైడ్‌వాల్‌ల మీద డ్యూరాస్కిన్ అనే గోధుమ రంగు అల్లిక ఉంటుంది. గాజు పెంకు లోపలికి రావాలంటే ఈ దారాలను కోయాలి. దారం గట్టిగా, నేత చిక్కగా ఉంటే అది అక్కడే ఆగిపోతుంది. తీగ కథ వేరు. లారీల రేడియల్ టైర్లు చిరిగినప్పుడు వాటి లోపలి స్టీలు పోగులు చిన్న చిన్న ముక్కలుగా విరిగి రోడ్డు పక్కకు చేరతాయి. అవి కుట్టు సూది కంటే సన్నం. దారాన్ని కోయకుండా రెండు దారాల మధ్య సందులోంచి దూరిపోతాయి. నేత పట్టీ ఎంత మంచిదైనా దీన్ని పూర్తిగా ఆపలేదు. ష్వాల్బే కంపెనీ మారథాన్ ప్లస్ టైరులో లాగా ట్రెడ్డు కింద 5 మి.మీ. మందాన ప్రత్యేక పొర వేస్తే తీగ పొడవే చాలక ఆగుతుంది. కానీ ఆ బరువుతో రోడ్ బైక్ శిక్షణ చేయడం వేరే సంగతి. అది దూరప్రయాణాల టైరు.

తీగ పంక్చరుకు ఇంకో గుణం ఉంది. గాలి ఒక్కసారిగా పోదు. సాయంత్రం బాగానే ఉన్న టైరు తెల్లారేసరికి మెత్తబడి ఉంటుంది. ట్యూబుకు ప్యాచీ వేసి ఎక్కిస్తారు, రెండు రోజుల్లో అదే చోట మళ్లీ చిల్లు పడుతుంది. ప్యాచీ సరిగ్గా అంటలేదనుకుంటారు. నిజానికి తీగ ఇంకా టైరులోనే ఉంటుంది. వేలితో తడిమితే దొరకదు, పైగా గుచ్చుకుంటుంది. దూదిపింజ తీసుకుని టైరు లోపలంతా నెమ్మదిగా ఒక చుట్టు, మళ్లీ ఎదురు దిక్కున ఒక చుట్టు తిప్పండి. తీగ ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది. అక్కడ టైరును బయటికి వంచితే తీగ మొన పైకి లేస్తుంది, కనుబొమల పట్టకారుతో లాగేయవచ్చు. టైరు ఎక్కించేటప్పుడు దాని పేరున్న చోటు సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టుకుంటే ఈ వెతుకులాట ఇంకా తేలిక. ట్యూబులో చిల్లు వాల్వుకు ఎంత దూరంలో ఉందో, టైరులో కూడా అంతే దూరంలో వెతకాలి. ట్యూబు ఏ వైపు తిరిగి ఉండిందో గుర్తు లేకపోతే రెండు వైపులా చూస్తే సరి.

ముళ్లలో సర్కారు తుమ్మది మొండిది. ముల్లు విరిగి మొన రబ్బరులో ఉండిపోతుంది. ఆ రోజు ట్యూబును తాకదు. ట్రెడ్డు అరిగే కొద్దీ లోపలికి నెట్టుకుపోయి, వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఒక మంచి రోడ్డు మీద గాలి తీస్తుంది. పల్లేరు కాయలు చేవెళ్ల వైపు రోడ్డు దిగి మట్టిలో సైకిలు ఆపినప్పుడే అంటుకుంటాయి. ఆపాల్సి వస్తే చక్రాలు తారు మీదే ఉంచి మనం మట్టిలోకి దిగడం మేలు.

వానాకాలంలో పంక్చర్లు ఎక్కువన్నది అపోహ కాదు. తడిసిన రబ్బరును గాజు తేలిగ్గా కోస్తుంది, నీళ్లు అక్కడ నూనెలా పనిచేస్తాయి. అంచున ఉన్న చెత్తంతా వరదతో రోడ్డు మధ్యకు కూడా వస్తుంది. అందుకే జులై నుంచి సెప్టెంబరు దాకా ప్రతి రైడు తర్వాత, మిగతా కాలంలో వారానికోసారి, తడిగుడ్డతో టైరు తుడిచి, చక్రం నెమ్మదిగా తిప్పుతూ ట్రెడ్డు చూడాలి. కోతలో ఏదైనా మెరిస్తే మొద్దు మొన ఉన్న సూదితో పైకి లేపి తీసేయాలి. రెండు చక్రాలకూ కలిపి నాలుగు నిమిషాలు పడుతుంది. గాజు ముక్క దిగిన రోజే పంక్చరు చేయడం తక్కువ. చక్రం తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం లోపలికి దిగుతుంది. ఈ టైర్ల నుంచి నేను లేపి తీసిన గాజు ముక్కలు పదుల్లో ఉంటాయి. గాజు పంక్చరు ఒక్కటే ఉండటానికి సగం కారణం బ్రేకర్ అయితే, మిగతా సగం ఈ నాలుగు నిమిషాలు.

చిన్న కోతలను సూపర్ గ్లూతో నింపడం నాకు నచ్చదు. అది గట్టిపడి, టైరు వంగినప్పుడు పగిలి, కోతను ఇంకా తెరుస్తుంది. 3 మి.మీ. లోపు కోతలను శుభ్రం చేసి వదిలేయొచ్చు. దారాలు తెగినంత లోతుగా ఉంటే లోపలి నుంచి మద్దతు ఇవ్వాలి: పాత టైరు సైడ్‌వాల్ నుంచి 3 సెం.మీ. × 5 సెం.మీ. ముక్క కోసి, అంచులు ఉప్పు కాగితంతో పల్చబరచి, ప్యాచీ సొల్యూషన్ పూసి అతికించాలి. దారిలో అయితే కోతకూ ట్యూబుకూ మధ్య పెట్టిన, మడిచిన కరెన్సీ నోటు ఇల్లు చేరుస్తుంది. సైడ్‌వాల్ మీద ఎక్కడైనా బుడిపె లేచిందంటే మాత్రం లోపలి దారాలు తెగినట్టే. ఏ మద్దతూ దాన్ని నిలబెట్టదు, ఆ టైరు తీసేయాల్సిందే.

గాలి విషయంలో మొదట్లో అందరూ చేసే పొరపాటు, సైడ్‌వాల్ మీద 120 పిఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని రాసి ఉంది కదా అని అంతా నింపడం. అది గరిష్ఠం, సిఫారసు కాదు. 83 కిలోల మొత్తం బరువుకు వెనక 90, ముందు 80 సరిపోయాయి. వానల్లో రెండూ ఐదేసి తగ్గిస్తాను. ఎక్కువ గాలితో టైరు గట్టిబడి, గరుకు రోడ్డు మీద ఎగురుతుంది, మధ్య భాగం ఒక్కటే అరుగుతుంది, రాయి తగిలితే వంగడానికి బదులు కోసుకుంటుంది. మరీ తగ్గిస్తే గుంతలో ట్యూబు రిమ్ముకు నలిగి పాముకాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. బ్యూటైల్ ట్యూబు కూడా రోజూ కొంత గాలి వదులుతుంది కాబట్టి గేజీ ఉన్న నిలువు పంపుతో ప్రతి రైడుకు ముందు చూడాలి. బొటనవేలితో నొక్కి చూస్తే 60కీ 90కీ తేడా తెలియదు.

ఎండలో టైరు పేలుతుందన్న భయం గురించి ఒక లెక్క. పొద్దున 28 డిగ్రీల దగ్గర 90 నింపిన టైరు, మే ఎండలో 60 డిగ్రీలకు కాగిన కారులో ఉంటే దాదాపు 101 అవుతుంది. 120 పట్టే టైరుకు అది పెద్ద లెక్క కాదు. అలా ఢామ్మన్న టైర్లలో ఎక్కువ వాటికి అసలు కారణం బీడ్ కింద నలిగిన ట్యూబో, రిమ్ములో సరిగ్గా కూర్చోని బీడో అయి ఉంటుంది. వేడి ఆ తప్పును బయటపెడుతుందంతే.

కాబట్టి ఎక్కించడం మీద శ్రద్ధ పెట్టాలి. కొత్త వైర్ బీడ్ కొన్ని రిమ్ములకు బిగుతుగా ఉంటుంది. వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. అంతసేపూ రెండు చేతులతో బీడ్‌ను రిమ్ము మధ్య లోతులోకి నొక్కుతూ రావాలి, ఆ లోతులోనే బీడ్‌కు వదులు దొరుకుతుంది. చివరి అరచేయి మేర అరచేతుల మొదళ్లతో దొర్లించాలి. తప్పక లివరు వాడితే ప్లాస్టిక్‌దే, అదీ మొన ట్యూబును పట్టకుండా. ట్యూబుకు ముందే కొంచెం పౌడరు రాయండి. అయ్యాక వాల్వును ఒకసారి లోపలికి నెట్టి, మళ్లీ కిందికి లాగండి. 30 పిఎస్‌ఐ నింపి ఆపి, రిమ్ము అంచున టైరు మీది సన్నటి అచ్చు గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో రెండు వైపులా చూసి, అప్పుడే పూర్తిగా నింపండి.

వేగం కోసం చూసేవాళ్లకు ఇది టైరు కాదు. మందపాటి నేత వంగడానికి బలం తింటుంది, పల్చటి రేసు టైరు నుంచి దీనికి మారితే కాళ్లకు తెలుస్తుంది. ఎక్కువ కాలం మన్నే ఏ రబ్బరైనా తడి రోడ్డు మీద మెత్తటి రేసు రబ్బరంత పట్టు ఇవ్వదు. అనంతగిరి దిగేటప్పుడు వాన ఉంటే మలుపుకు ముందే బ్రేకు పూర్తిచేసి, రోడ్డు మీది తెల్ల గీతలను తప్పించి, నెమ్మదిగా ఒరగాలి. శిక్షణకు ఇది నాకు అడ్డు కాలేదు. ఇంటికి నడిచి రాకపోవడం ముఖ్యం.

ఇంట్లో ట్రైనర్ (సైకిలును కదలకుండా నిలిపి తొక్కే స్టాండు) రోలరు మీద మాత్రం దీన్ని తిప్పకండి. రోలరు వేడికీ రాపిడికీ మంచి టైరు వారాల్లో పలకబారుతుంది. దానికి పాత వెనక టైరు చాలు. చైను కడిగే కిరోసిన్, డీజిల్ చుక్కలు టైరు మీద పడనివ్వకండి, కార్ టైర్లకు రాసే మెరుపు నూనెలు అసలే వద్దు. బాల్కనీ ఎండలో నెలల తరబడి నిలబెట్టిన టైరు తిరగకుండానే సైడ్‌వాల్ పగుళ్లు ఇస్తుంది.

ఫ్రేములో చోటుంటే 25 కంటే 28 తీసుకోండి. గాలి పది పిఎస్‌ఐ తగ్గించి తిరగొచ్చు, గుంతల దెబ్బ ట్యూబు దాకా రాదు. బ్రేకు కిందా, ఫోర్కు దగ్గరా టైరుకు చుట్టూ కనీసం 4 మి.మీ. ఖాళీ ఉండాలి, లేకపోతే వానలో అంటిన తడి మట్టీ ఇసుకా ఫ్రేమును గీకేస్తాయి. నా ఫ్రేములో 28కి ఆ ఖాళీ 3 మి.మీ. దగ్గరే ఆగింది, అందుకే ఐదో టైరు కూడా 25లోనే తీసుకున్నాను.