మైసూరులో అష్టాంగ సాధన: బస, బడి, గురువు

అష్టాంగ విన్యాస యోగం నేర్చుకోవడానికి మైసూరు వెళ్తుంటే బసయినా, భోజనమయినా, యోగా నేర్పే బడయినా సాధన మొదలయ్యే తెల్లవారుజాము నాలుగింటి లెక్కలో ఎంచుకోవాలి. పగలు చూసి ముచ్చటపడిన గది ఆ వేళకి పనికిరాకపోవచ్చు.

కాచిగూడ నుంచి నేరుగా రైలుంది. సాయంత్రం ఎక్కితే మర్నాడు ఉదయం దింపుతుంది. దిగిన రోజే సాధన పెట్టుకోవద్దు. రాత్రంతా ముడుచుకుని పడుకున్న నడుము, తొడ వెనక కండరాలు కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో ఇట్టే పట్టేస్తాయి.

ఈ యోగాన్ని ప్రచారంలోకి తెచ్చిన గురువు పట్టాభి జోయిస్ 1948లో తన సంస్థను మైసూరులోని లక్ష్మీపురంలో పెట్టారు. తర్వాత అది అదే ఊళ్లోని గోకులానికి మారడంతో విదేశీ సాధకుల బసలు, ఫలహారశాలలు కూడా అక్కడే పెరిగాయి. గోకులం మూడో స్టేజిలో అద్దె ఎక్కువే, కానీ బడికి నడిచి వెళ్లగలిగితే ఆ డబ్బు దండగ కాదు. విజయనగర్ వైపు చవకగా దొరుకుతుంది గానీ చీకట్లో ఆటో దొరకదు, స్కూటరు తప్పనిసరి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లగా ఉంటుంది, రద్దీ కూడా అప్పుడే. దసరా రోజుల్లో గదుల ధరలు బాగా పెరుగుతాయి.

అడ్వాన్సు ఇచ్చేముందు ఒక రాత్రి ఉండి చూడండి. తెల్లవారుజామున వేడినీళ్లు వస్తున్నాయా, వీధికుక్కల గోల ఎంత, గేటు తాళం మీ చేతికిస్తారా అన్నవి పగటిపూట తేలవు. వంటగది ఉంటే ఇంకా మేలు. సాధనకు కడుపు ఖాళీగా ఉండాలి కాబట్టి రాత్రి ఏడులోపు తేలికగా తినేయాలి, హోటళ్లలో ఆ వేళకి అలాంటి భోజనం దొరకడం కష్టం.

ఇక బడి. మైసూరు పద్ధతిలో అందరూ ఒకే గదిలో ఉన్నా ఎవరి శ్వాస లెక్క వారిదే. సూర్యనమస్కారాలు ‘ఎ’ అయిదు, ‘బి’ అయిదు, తర్వాత నిలబడి చేసే ఆసనాలు, ఒక్కోదానిలో అయిదు శ్వాసలు. ఒకటి స్థిరపడ్డాకే గురువు తర్వాతిది ఇస్తారు. చాలామంది ఒక పాదాన్ని తొడమీద పెట్టి నడుము మెలితిప్పే మరీచ్యాసన ‘డి’ దగ్గర వారాల తరబడి ఆగిపోతారు. అలా ఆపే గురువే మంచి గురువు. తుంటి కీలు తిరగకుండా పాదాన్ని తొడమీదికి లాగితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. మోచేతులు మడిచి ఒంటిని నేలకు సమాంతరంగా నిలిపే చతురంగ దండాసనంలో భుజాలు మోచేతుల కంటే కిందికి జారితే భుజం ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. ఈ యోగంలో తొలి ఆసనాల వరుసైన మొదటి శ్రేణి మొత్తం వారంలో నేర్పేస్తామనే చోటికి వెళ్లకండి. కనీసం నెల రోజులు కేటాయించండి. ఆ నెలలో వారాంతపు సెలవుతో పాటు పౌర్ణమి, అమావాస్య కూడా సెలవులేనని లెక్కవేసుకునే రైలు టిక్కెట్టు కొనండి. చెమటకి రబ్బరు మ్యాటు జారుతుంది, దానిపై పరచడానికి నూలు రగ్గు కావాలి.

పట్టాభి జోయిస్ తర్వాత గురువుగా నిలిచిన ఆయన మనవడు శరత్ జోయిస్ 2024 నవంబరులో కన్నుమూశారు. మైసూరు వెళ్లేవారి కోసం అంతకుముందు ఇతరులు రాసిన సలహాల్లో చాలా వాటికి కాలం చెల్లింది. గదిలో నిజంగా నేర్పేది ఎవరో, ఎన్ని రోజులు ఊళ్లో ఉంటారో బడినే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ యోగానికి పేరిచ్చిన పతంజలి ఎనిమిది అంగాల్లో యమనియమాలే ముందు, ఆసనం మూడోది. యమాల్లో మొదటిదైన అహింసను మాంసం మానడంతో సరిపెట్టేస్తే చాలదు, గురువు చెయ్యి శిష్యుడి ఒంటిమీద పడే తీరులోనూ అది కనిపించాలి. పట్టాభి జోయిస్ ఆసనాలు సరిదిద్దే పేరుతో అసభ్యంగా తాకారని పలువురు శిష్యురాళ్లు బయటపెట్టారు. 2019లో మనవడు శరత్ ఆ తప్పును బహిరంగంగా ఒప్పుకుని విచారం తెలిపారు. అందుకే మొదటి రోజే ‘నన్ను తాకకుండా మాటతో చెప్పండి’ అని అడిగి చూడండి. మొహం మాడ్చుకుంటే, కట్టిన ఫీజు పోయినా సరే, ఆ బడి వదిలేయండి.

సాధన ముగిశాక శవాసనం కుదించి పరుగెత్తకండి. ఒళ్లు ఆరాక స్నానం, అరగంట తర్వాత కొబ్బరి బోండాం, ఆపైన ఇడ్లీ. చాముండి కొండకి సుమారు వెయ్యి మెట్లుంటాయి, వాటిని సెలవు రోజుకి అట్టేపెట్టండి. ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు సిటీ బస్సు అయితే మర్నాడు మోకాళ్లు మాట వింటాయి.